నెమలి కోనెం పడ్డ రోజు

ఆ రోజు బంగళాలో ఉన్నవాళ్లం ఏడుగురం. నాయనమ్మ యేసమ్మ, నాన్న, అమ్మ, నాన్న చెల్లెలు మణెమ్మత్త, ఆమె భర్త అబ్బులు మామయ్య, ఏలూరు నుంచి వచ్చిన నాన్న స్నేహితుడు రహమాన్ గారు, నేను. మామయ్య మాత్రం ఎనిమిది మందిమి అనేవాడు. అత్తకి అయిదో నెల.

"ఎసట్లో ఎనిమిది మందికి పొయ్యండి అక్కయ్యగారూ" అని అమ్మతో అనేవాడు. "మావాడు మొహమాటస్తుడు, పైకి అడగడు."

బంగళా మాది కాదు. మిషన్ వాళ్లది. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటుకి కొంచెం ఎడంగా, ఇసక మెరక మీద ఉంటుంది. వేసవిలో దొరలు కొండలకి వెళ్లిపోతే ఖాళీగా పడి ఉంటుంది. నాన్న మా కొల్లేటి లంకలో మిషన్ బడి మేష్టారు కనుక, పోయిన వేసవిలో ఒక వారం ఉండటానికి అనుమతి ఇచ్చారు. ఉప్పుటేరు వెంట పడవలో దిగి వచ్చాం. ఉప్పుగాలికి ఆ బంగళా తలుపులన్నీ ఉబ్బిపోయి ఒక్కటీ చట్రంలో కూర్చునేది కాదు. వారమంతా గదులన్నీ తెరిచే ఉన్నాయి.

అత్తా మామయ్యా ఉండేది మా ఇంట్లోనే. అంతకు ముందు వచ్చిన కొల్లేటి వరదలో వాళ్ల మట్టిగోడల ఇల్లు కరిగిపోయింది. మామయ్యకి వెనకా ముందూ ఎవరూ లేరు. నాన్న తూర్పు వసారా మూసి గది చేయించి, "ఇది నీదేనమ్మా" అని అత్తకి ఇచ్చారు. 

నాకు మాటలు తక్కువ. బళ్లో నాన్న ప్రశ్న వేసినా జవాబు పలక మీద రాసి చూపించేదాన్ని. చుట్టాలొస్తే ధాన్యం గాదె వెనక నిలబడేదాన్ని. ఒక్క అత్త దగ్గరే నా నోరు పెగిలేది. సాయంత్రం దీపం పెట్టాక ఆమె వల బాగు చేసుకుంటూ, "ఇవాళ ఏం చూశావే?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. ఎవరి దోనె నిండా ఏముంది, పిట్టలు ఏ వైపు దిగాయి, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ. 

"మీ మామయ్య చెప్తే జానెడు చేప బారెడవుతుంది" అనేది. "నువ్వు చెప్తే జానెడు జానెడే."

ఆ రోజు తెల్లవారుతుండగా నాకు జడ వేస్తూ అత్త, "నువ్వూ వెళ్లవే వాళ్లతో" అంది.

"సముద్రం మీదికా?"

"ముగ్గురూ ముగ్గురే. వచ్చి కోతలు కోస్తారు. నాకు నిజం చెప్పేదెవరు? ఒట్టి మనిషినైతే నేనే ఎక్కేదాన్ని."

భయమేస్తుందన్నాను.

"భయపడుతూనే చూడు. చూసింది చూసినట్టు వచ్చి చెప్పు. ఏదీ దాచకు. మీ మామయ్య నా దగ్గర అన్నీ దాస్తాడు. మొన్న కాల్లో ముల్లు విరిగినా చెప్పలేదు." 

జడ చివర ముడి వేసి, "చెప్తావా?" అంది. చెప్తానన్నాను.

వాళ్లు వెళ్తున్నది నెమలి కోనెం కోసం. మనిషంత పొడుగుండే సముద్రపు చేప అది. దాని వీపు మీద రెక్క తెరచాపలా లేస్తుందిట. పురి విప్పినట్టు ఉంటుందని పల్లెవాళ్లు నెమలి అని పేరు పెట్టారు. ముక్కు ఈటెలా ఉంటుంది. రహమాన్ గారు ఏలూరులో తివాసీల వ్యాపారి. సీమకి వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దొర సామాను వేలం వేస్తే, ఆయన గేలపు కర్ర కొన్నారు. దానికి ఇత్తడి చక్రం, చక్రం నిండా పేనిన దారం. అది సముద్రపు చేపల కోసం చేసిందని తెలిసిన దగ్గర నుంచీ ఆయనకి నిద్ర లేదు.

"ఏనుగుని కట్టినా తెగదండీ మేష్టారూ ఈ దారం" అన్నారు నాన్నతో.

"ముందు ఏనుగుని చూపించండి, కట్టేస్తాను" అన్నాడు మామయ్య.

నాన్నకి కావలసింది ఆ రెక్క. ఎండబెట్టి బళ్లో గోడకి కొడతానని, కొల్లేరు దాటని పిల్లలు సముద్రంలో ఏముందో చూస్తారని లంకలో అందరికీ చెప్పి వచ్చారు. గోడకి మేకులు కూడా కొట్టించి ఉంచారు. 

ఒడ్డున నావ వాళ్లు నన్ను చూసి, ఆడపిల్లని ఎక్కించుకోం అన్నారు. రహమాన్ గారు బతిమాలారు. "ఈ పిల్ల నోరు తెరవదయ్యా. ఎక్కిందని చేపలకి కూడా తెలియదు." వాళ్లలో పెద్దవాడు నవ్వి, నన్ను పక్క నుంచి ఎక్కమన్నాడు. మెరక మీద అత్త నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. మామయ్య చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు, చూస్తూ ఉంది.

నీళ్ల రంగు మారే దాకా వెళ్లి లంగరు వేశారు. ఆ రోజు సముద్రం తాంబాళంలా ఉంది. ఒడ్డు దగ్గర తప్ప అల లేదు. అయినా నేను కొయ్య పట్టుకుని మూలన కూర్చున్నాను. నాన్న ఎర కోసం చిన్న చేపలు చీరుతున్నారు. చేపలు చీరే కత్తి పొద్దున్నించీ ఆయన చేతిలోనే ఉంది.

చాలాసేపు ఏమీ పడలేదు. కర్ర ఒకరి తరవాత ఒకరు పట్టుకున్నారు. మామయ్య వంతు వచ్చినప్పుడు ఆయన కర్ర తొడ కింద అదిమి, చక్రం నుంచి దారం కొంచెం లాగి, ఎడమ మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకున్నాడు.

కొల్లేట్లో అందరూ అలాగే చేస్తారు. మా తాటిదోనె ఒక్క మనిషికి సరిపోయేంత. రెండు చేతులా గెడ వెయ్యాలి కనుక గేలపు తాడు మణికట్టుకి చుట్టుకుంటారు. పెద్ద వాలుగ పడితే అది మనిషితో సహా దోనెని లాక్కుపోతుంది. గడ్డిలో, తామర తీగల్లో ఈడ్చుకుని ఈడ్చుకుని చివరికి అదే అలిసి తేలుతుంది. మనిషి ఊరికే కూర్చోవాలి. తాడు మాత్రం కొయ్యకూడదు. తాడు కోసినవాడి పొయ్యి మీద చేప ఉడకదని మా లంకలో సామెత. నాన్న కూడా ఆ దోనెల్లో పెరిగినవారే.

"అబ్బులు గారూ, అలా వద్దండి" అన్నారు రహమాన్ గారు. "చేప పడితే చక్రం మోగుతుందిట. దొర నౌకరు చెప్పాడు."

"మోగేదాకా ఎవరుంటారండీ? అది వాసన చూసినా నాకు చెయ్యి చెప్తుంది."

"మేష్టారూ, మీరైనా చెప్పండి."

నాన్న తల ఎత్తకుండానే, "వాడి చెయ్యి వాడికి తెలుసులెండి. పుట్టినప్పటి నుంచీ అంతే" అన్నారు. 

మామయ్య నా వైపు చూసి కన్ను గీటాడు. "సుగుణా, మీ అత్తకి బారెడని చెప్పు. జానెడని చెప్పావో, నీకు తోక కూడా పెట్టను."

అప్పుడే పడింది.

మొదట దారం నీళ్లలో పక్కకి గీత గీసినట్టు వెళ్లింది. మామయ్య నవ్వుతూ లేచాడు. దూరంగా నీళ్లు పగిలి చేప గాలిలోకి లేచింది. దాని రెక్క పూర్తిగా విప్పుకుని ఉంది. ముదురు నీలం, మీద నల్ల చుక్కలు, తడికి మెరుస్తూ. అంత అందమైనది నేను అంతకు ముందు చూడలేదు. నాన్న కత్తి పట్టుకునే లేచి నిలబడ్డారు. చూస్తూ ఉండిపోయారు.

చేప పడిపోయి లోపలికి దిగింది. మామయ్య చెయ్యి ముందుకి సాగింది. కర్ర జారి నావలో పడింది. ఆయన రెండడుగులు ఈడ్చుకుపోయి అంచుకి మోకాళ్లు తన్నుకుని ఆగాడు. దోనె అయితే ఆయనతో పాటు కదిలేది. ఇది బరువైన నావ, పైగా లంగరు మీద ఉంది. కదలలేదు. చేపకీ నావకీ మధ్య ఉన్నది ఆయన చెయ్యి ఒక్కటే.

మణికట్టు నుంచి రక్తం దారం వెంట కారడం నాకు కనిపించింది. రహమాన్ గారు వెనక నుంచి నడుం పట్టుకున్నారు. "కోసెయ్యండి మేష్టారూ. దారం పోతే పోయింది, కోసెయ్యండి" అన్నారు.

నాన్న పక్కనే ఉన్నారు. చెయ్యి చాపితే దారం అందుతుంది. కత్తి ఎత్తారు. అప్పుడు చేప మళ్లీ లేచింది, ఈసారి దగ్గరగా. రెక్క ఎండలో తళుక్కుమంది.

"ఒక్క క్షణం ఆగండి" అన్నారు నాన్న. "అలిసిపోతోంది. చూడండి, అలిసిపోతోంది."

మామయ్య మొహం ఇటు తిప్పాడు. నవ్వు లేదు. ఆయన నాన్నని ఎప్పుడూ మీరు అనే అంటాడు. బావగారూ అని తప్ప పిలవడు.

"కొయ్యి బావా" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

నాన్న కత్తి ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. చేప కిందికి దిగింది. రహమాన్ గారి చేతుల్లో మామయ్య చొక్కా ముక్క మిగిలింది.

తరవాత నావ వాళ్లు ఇద్దరు నీళ్లలోకి దూకారు. మిగతావాళ్లు చక్రం వైపు దారం పట్టుకుని లాగారు. అది తెగలేదు. ఏనుగుని కట్టినా తెగదని రహమాన్ గారు చెప్పిందే నిజం. చాలాసేపు అటు లాగింది, ఇటు లాగారు. చివరికి దారం వదులైంది. ముందు మామయ్య వచ్చాడు. ఎడమ చెయ్యి తల మీదికి చాచి ఉంది, బళ్లో జవాబు తెలిసిన పిల్లాడిలా. నావలో పడుకోబెట్టి పొట్ట నొక్కారు. బోర్లా వేశారు. మళ్లీ వెల్లకిలా తిప్పారు. నావ పెద్దవాడు చెవి ఛాతీకి ఆనించి చాలాసేపు ఉంచి, తీసేశాడు.

చేప ఇంకా దారానికే ఉంది. పక్కకి ఒరిగి నావని ఆనుకుని తేలుతోంది. రెక్క ముడుచుకుంది. చూస్తుండగానే నీలం పోయి, బూడిద రంగు వచ్చింది. నాన్న వంగి అప్పుడు దారం కోశారు. ఒక్క వేటుకే తెగింది. చేప కాసేపు మా పక్కనే ఉండి తరవాత మెల్లగా వెనక్కి పోయింది.

నావని వెనక్కి తిప్పారు. ఒడ్డు కనిపించాక నాన్న అన్నారు, "అల వచ్చింది. కాలు జారింది. అంతే."

రహమాన్ గారు తల ఎత్తారు. "అల వచ్చిందా, మేష్టారూ?" 

ఇద్దరూ సముద్రం వంక చూశారు.

"మణి ఒట్టి మనిషి కాదు రహమాన్ గారూ."

రహమాన్ గారు ఆ చొక్కా ముక్కని మడతలు పెడుతూ, విప్పుతూ ఉన్నారు. "అలాగేనండి" అన్నారు. నాన్న నావ వాళ్ల వైపు చూశారు. వాళ్లు తెడ్ల మీద నుంచి చూపు తియ్యలేదు. నాన్న నా వైపు మాత్రం చూడలేదు. నేను మాట్లాడనని ఆయనకి తెలుసు.

అత్త మెరక మీద, పొద్దున్న నిలబడ్డ చోటే ఉంది. నావలో మా ముగ్గురు మగవాళ్లకి ఇద్దరే నిలబడి ఉండటం దూరం నుంచే లెక్క కట్టుకుంది. పరుగెత్తలేదు. ఇసకలో అలాగే కూర్చుండిపోయింది.

ఆ ఎండకి లంక దాకా తీసుకెళ్లడం కుదరదు. సాయంత్రంలోపల అక్కడే సరుగుడు చెట్ల పక్కన సమాధి చెయ్యాలన్నారు. నాయనమ్మ, అత్త కలిసి స్నానం చేయించారు. అమ్మ నీళ్లు పోసింది, నేను బిందెలు అందించాను. అత్త ఎడమ చెయ్యి ఎత్తి తుడవబోయి ఆగింది. మణికట్టు చుట్టూ మూడు గాడులు, ఎముక దాకా. ఆమె చూపుడువేలు ఒక గాడిలో పెట్టి చుట్టూ తిప్పింది. కొల్లేట్లో పుట్టిన మనిషి. ఆ చుట్లు ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పనక్కర లేదు.

గుమ్మంలో ఉన్న నాన్నతో, తల ఎత్తకుండా, "నావలో కత్తి లేదా అన్నయ్యా?" అంది.

"ఉందమ్మా. అందేలోపల అల వచ్చింది."

"పెద్ద అలా?"

"పెద్దదే."

అత్త తన పాత చీర అంచు చింపి మణికట్టుకి కట్టింది. నాయనమ్మ నాన్నతో, "ఒరే ప్రసాదం, నువ్వు అవతలికి వెళ్లు" అంది.

దగ్గరలో పాదిరి గారు లేరు. నాన్నే ప్రార్థన చదివారు. ఆయన గొంతు బళ్లో పాఠం చదివినట్టు స్పష్టంగా ఉంది, ఒక్కచోట కూడా తడబడలేదు. రహమాన్ గారు నావ వాళ్లతో కలిసి గొయ్యి తవ్వారు. ఎంత తవ్వినా ఇసక మళ్లీ జారి పడేది. అంతా అయ్యాక ఆయన గేలపు కర్ర తీసుకుని ఒక్కరే ఒడ్డుకి వెళ్లారు. ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు.

చీకటి పడేవేళ అమ్మ గంజి కాచి గ్లాసులో పోసి, "నువ్వు ఇస్తే తాగుతుందేమో" అంది. అత్త గదిలో నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తలుపు వారమంతా ఉన్నట్టే బార్లా తెరిచి ఉంది. వసారాలో నాన్న, రహమాన్ గారు కూర్చున్న నీడలు గది గోడ మీద పడుతున్నాయి.

గ్లాసు పక్కన పెట్టాను. 

అత్త గొంతు తగ్గించి, "ఇవాళ ఏం చూశావే?" అంది.

ఆ మాట రోజూ ఎలా అడిగేదో అలాగే అడిగింది. నేను చెప్పకూడదనుకుని వచ్చాను. నావలో నాన్న మాట విన్నాను, ఆమె ఒట్టి మనిషి కాదనీ తెలుసు. కానీ పొద్దున్న చెప్తానని మాట ఇచ్చింది ఆమెకి. ఆమె ఒక్కర్తే నన్ను ఏదైనా అడిగేది.

చెప్పాను. మామయ్య మూడు చుట్లు చుట్టుకోవడం, చేప రెక్క, నావ కదలకపోవడం. సముద్రం తాంబాళంలా ఉందని చెప్పాను. కత్తి ఎవరి చేతిలో ఉందో చెప్పాను. రహమాన్ గారు కొయ్యమన్నారని చెప్పాను.

"మీ నాన్న ఏమన్నాడు?"

"ఆగండి, అలిసిపోతోంది అన్నారు."

"మీ మామయ్య ఏమైనా అన్నాడా?"

"కొయ్యి బావా అన్నాడు."

"బావా అన్నాడా?" 

"ఒక్కసారే."

అత్త ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడ మీది నీడల్ని చూస్తూ కూర్చుంది. వసారాలో నుంచి నాన్న, "మణీ, కాస్త గంజి పుచ్చుకోమ్మా. లోపల బిడ్డ ఉంది" అన్నారు. 

"తాగుతున్నానన్నయ్యా" అంది అత్త. 

గ్లాసు ఎత్తి, గంజి అంతా ఆగకుండా తాగేసింది. మూతి తుడుచుకుంది.

"ఎల్లుండి పడవ ఎక్కి ఎక్కడికి వెళ్తామే మనం?" అంది.

"మన ఇంటికి."

"నాకు ఇల్లెక్కడిది? మీ ఇంటికి. మీ నాన్న కట్టించిన గదికి. వీడు పుట్టేది అందులోనే. రేపు పలక పట్టేది మీ నాన్న దగ్గరే." 

నేను గోడ మీది నీడల వైపు చూశాను.

"నాకు నువ్వేమీ చెప్పలేదు. అల వచ్చింది. నేను విన్నది అంతే" అంది. 

"అత్తా, నువ్వేగా..."

"నేనే అడిగాను. ఇక అడగను. నువ్వూ నా దగ్గరికి ఏమీ మోసుకుని రాకు. నీ మొహం చూసినప్పుడల్లా నాకు అది వినపడుతుంది. అది వింటూ నేను మీ నాన్న చేతి కూడు తినలేను. తినాలి."

ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టింది. భుజం పట్టుకుని లేపి గడప దాటించింది. మెల్లగానే పట్టుకుంది. తలుపు మూయబోతే ఎప్పటిలాగే సగంలో బిగుసుకుపోయింది. వసారాలో నుంచి నాన్న తల తిప్పి నన్ను చూశారు, నా చేతిలో గ్లాసుని చూశారు. అత్త రెండో చెయ్యి పొట్ట కింద పెట్టుకుని, భుజం ఆనించి, తలుపుని నేల మీద గీరుకుంటూ నెట్టింది. సందులో ఆమె మొహం కొంచెం కొంచెంగా తగ్గింది. ఆ వారమంతా ఎవరి వల్లా కాని తలుపు ఆమె తోపుకి చట్రంలో కూర్చుంది. లోపలి నుంచి గడియ పడింది.